మన సర్టిఫికెట్‌లో ఉన్న ఆ మాట: భాగ్యరెడ్డి వర్మ జీవితం



ప్రతి ఏడాదీ మన సంచికలో ఒక మహనీయుని జీవితం వేయడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, ఫూలే గారి గురించి, జాషువా గారి గురించి మనం చాలాసార్లు చదువుకున్నాం. ఈసారి ఎవరి గురించి రాయాలన్నది మేము నిర్ణయించలేదు. ఒక ఏడో తరగతి పిల్లవాడు నిర్ణయించాడు.

జూన్ నెలలో కొత్త అడ్మిషన్లు జరుగుతున్నప్పుడు, చిన్న పిల్లలకు దరఖాస్తులు నింపిపెట్టే పని పెద్ద క్లాసుల వాళ్లం మేమే చేస్తాం. ఆ పిల్లవాడి తండ్రి పోర్టులో కలాసీ. వాడి కుల ధ్రువీకరణ పత్రంలో ఆది ఆంధ్ర అని ఉంది. ఇంట్లో మనల్ని వేరే పేరుతో చెప్పుకుంటారు, ఊళ్లో ఇంకో పేరుతో పిలుస్తారు, మరి ఈ కాగితం మీద పేరు ఎక్కడి నుంచి వచ్చింది అన్నా అని వాడు అడిగాడు. అక్కడ ఉన్నవాళ్లం నలుగురం. ఇద్దరు డిగ్రీ, ఒకడు పాలిటెక్నిక్, ఒకడు పోటీ పరీక్షలకు చదువుతున్నవాడు. నలుగురిలో ఒక్కరికీ జవాబు తెలియలేదు. అది ప్రభుత్వం పెట్టిన పేరులే అని చెప్పి వాణ్ణి పంపించేశాం.

తర్వాత పుస్తకాలు వెతికి చదివితే మేము చెప్పింది తప్పని తెలిసింది. ఆ పేరు ప్రభుత్వం పెట్టింది కాదు. మనవాళ్లు సభ పెట్టుకుని, తమకు తామే పెట్టుకున్న పేరు అది. ఆ సభకు అధ్యక్షత వహించిన వ్యక్తి మాదరి భాగ్యరెడ్డి వర్మ. ఆ పిల్లవాడికి ఇవ్వాల్సిన జవాబే ఈ వ్యాసం.

పేరుతో మొదలైన జీవితం

భాగ్యరెడ్డి వర్మ 1888 మే 22న హైదరాబాదు సంస్థానంలో ఒక పేద మాల కుటుంబంలో పుట్టారు. తల్లి రంగమాంబ, తండ్రి మాదరి వెంకయ్య. పుట్టినప్పుడు పెట్టిన పేరు భాగయ్య. ఆ కుటుంబానికి ఒక శైవ గురువు ఉండేవారు. అంటరానివారని ఇప్పుడు పిలవబడుతున్నవారే ఒకప్పుడు ఈ నేలను ఏలినవారని, రెడ్డి అన్న మాట ఏలికను చెప్పే రేడు అన్న మాట నుంచి వచ్చిందని ఆ గురువు నమ్మకం. అందుకే ఆయన ఆ కుర్రవాడికి భాగ్యరెడ్డి అని పేరు మార్చారు. చరిత్ర పండితులు ఆ వ్యుత్పత్తిని ఒప్పుకుంటారా లేదా అన్నది వేరే మాట. పేరు చివర అయ్య అని కూడా పలకనీయని రోజుల్లో ఆ పేరు ఒక పిల్లవాడి వెన్ను ఎంత నిటారుగా నిలబెట్టి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు.

చదువుకునే స్తోమత లేక చిన్నతనంలోనే ఆయన ఒక న్యాయవాది ఇంట పనికి కుదిరారు. బడిలో దొరకని చదువును ఆ ఇంటి పుస్తకాల్లో, పత్రికల్లో వెతుక్కున్నారు. మన హాస్టల్లో కూడా సెలవుల్లో కేటరింగ్ పనులకు, గాజువాక షెడ్లలో వెల్డింగ్ పనులకు వెళ్లి ఫీజులు కట్టుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఈ కథ కొత్తగా అనిపించదు.

హరికథలతో ఉద్యమం

1906లో, అంటే 18 ఏళ్ల వయసులో, భాగ్యరెడ్డి హైదరాబాదులో జగన్మిత్ర మండలిని స్థాపించారు. అప్పటికి మనవాళ్లలో చదవడం వచ్చినవాళ్లు అరుదు. కరపత్రం పంచితే చదివేవాడు లేడు. అందుకని ఆయన హరికథలు, భజనలు ఏర్పాటు చేశారు. పగలంతా కూలి చేసి వచ్చినవాళ్లు రాత్రి కథ వినడానికి కూర్చుంటారు. ఆ కథల మధ్యలోనే తాగుడు వల్ల ఇల్లు ఎలా గుల్లవుతుందో, పిల్లల్ని బడికి ఎందుకు పంపాలో, చిన్న వయసులో పెళ్లిళ్లు ఎందుకు మానాలో చెప్పేవారు.

1911లో ఆ మండలి మాన్య సంఘంగా మారింది. మాన్యులు అంటే గౌరవించదగినవారు. ఊరు వెలివేసినవాళ్లకు ఆ పేరు పెట్టడంలోనే ఆయన ఉద్దేశం తెలుస్తోంది. మరుసటి ఏడాది స్వస్తి దళ్ అనే సేవాదళం ఏర్పడింది. అంటురోగాలు వచ్చి జనం ఇళ్లు వదిలి పారిపోయే రోజుల్లో ఆ దళంలోని యువకులు రోగుల దగ్గరకు వెళ్లి సేవ చేశారు. ముట్టుకోకూడదని జనం దూరం పెట్టినవాళ్లే, ముట్టుకోవడానికి జనం భయపడిన రోగుల దగ్గర నిలబడ్డారు.

ఆడపిల్లలను దేవుడి పేరు మీద జోగినులుగా, మురళీలుగా వదిలేసే ఆచారం మీద ఆయన గట్టిగా పోరాడారు. ఆ ఆచారానికి బలయ్యేది మన వాడల పిల్లలే. జాతరల్లో జంతుబలులను కూడా వ్యతిరేకించారు. ఇవన్నీ మనవాళ్లకే నచ్చని మాటలు. ఊరి పెద్దల మీద మాట్లాడితే చప్పట్లు కొట్టే జనం, తమ ఇంటి ఆచారం మీద మాట్లాడితే ముఖం తిప్పుకుంటారు. అయినా ఆయన రెండూ మాట్లాడారు.

తెలుగు బడులు

హైదరాబాదు సంస్థానంలో రాజభాష ఉర్దూ. వాడల్లో పిల్లల మాట తెలుగు. 1910 నుంచి భాగ్యరెడ్డి ఇసామియా బజారు, లింగంపల్లి మొదలైన చోట్ల పిల్లలకు తెలుగులో చదువు చెప్పే పాఠశాలలు తెరిచారు. పిడికెడు బియ్యం, అణా చందా అన్న స్థాయి నుంచి మొదలైన ఆ బడులు క్రమంగా 25 వరకు పెరిగాయి. వాటిలో చదివిన పిల్లలు 2,000కు పైనే. 1930లలో నిజాం ప్రభుత్వం ఆ పాఠశాలలను తన అధీనంలోకి తీసుకుని నడిపింది.

ఇక్కడ మిత్రులు ఒక విషయం గమనించాలి. ఈ రోజు మనకు హాస్టల్, మెస్ బిల్లు, పుస్తకాలు, దుప్పట్లు ప్రభుత్వం ఇస్తోంది. అవి ఆలస్యమైతే అడుగుతాం, అడగాలి కూడా. కానీ ఆ బడుల విషయంలో ప్రభుత్వం ముందు రాలేదు. ముందు మనవాళ్లు బడి పెట్టి, నడిపి చూపించారు. ప్రభుత్వం ఆ వెనుక వచ్చింది. మన హక్కుల వెనుక ఇలాంటి చందాల చరిత్ర ఉంది.

బెజవాడ సభ

ఇప్పుడు ఆ పిల్లవాడి ప్రశ్న దగ్గరకు వద్దాం. 1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ పంచమ మహాసభ జరిగింది. గుడివాడలో సేవాశ్రమం నడుపుతున్న గూడూరు రామచంద్రరావు గారు ఆ సభకు పూనుకున్నారు. ఆయన బ్రాహ్మణులు, సంస్కర్త. అధ్యక్షుడిగా హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డిని పిలిచారు. అప్పటికి ఆయన వయసు 29 ఏళ్లు. అంతకు నాలుగేళ్ల ముందే ఆర్యసమాజం వారు ఆయనకు వర్మ అనే బిరుదు ఇచ్చారు.

సభకు వచ్చిన జనాన్ని చూసి పట్టణంలో పెద్దలు కంగారు పడ్డారు. వీళ్లంతా కలిసి కొండ ఎక్కి గుడిలోకి వస్తారేమోనన్న భయంతో కనకదుర్గ ఆలయాన్ని ఆ రోజుల్లో మూసివేశారు. సభలో ఉన్నవాళ్లు గుడి మీదకు వెళ్లనే లేదు. వాళ్లు వచ్చిన పని వేరు. చదువు కావాలి, బావులు కావాలి, భూమి కావాలి అని తీర్మానాలు చేసుకోవడానికి వచ్చారు.

అధ్యక్షుడిగా భాగ్యరెడ్డి మొదట సభ పేరునే తప్పుపట్టారు. శాస్త్రాల్లో చెప్పినవి నాలుగు వర్ణాలే అయినప్పుడు ఐదోది ఎక్కడి నుంచి వచ్చిందని, పంచములు అనే పేరుకు ఏ ఆధారమూ లేదని వాదించారు. మనం ఈ దేశపు మొదటి మనుషులం, తర్వాత వచ్చినవాళ్లు మనల్ని వెనక్కి నెట్టారు, కాబట్టి మన పేరు ఆది అన్న మాటతో మొదలవ్వాలన్నది ఆయన వాదన. సభ దాన్ని ఒప్పుకుంది. పంచమ మహాసభగా మొదలైనది ఆది ఆంధ్ర మహాసభగా ముగిసింది. ఆ తర్వాత దాదాపు ప్రతి ఏడాదీ ఆంధ్ర జిల్లాల్లో ఏదో ఒక పట్టణంలో ఆది ఆంధ్ర మహాసభలు జరుగుతూ వచ్చాయి.

ఆ రోజుల్లో మన విశాఖపట్నం మద్రాసు రాజధానిలో ఒక జిల్లా. 1922లో మద్రాసు శాసనమండలిలో ఎం.సి. రాజా గారు తీర్మానం తెచ్చిన మీదట, ప్రభుత్వ రికార్డుల్లో పంచమ, పరయ అన్న మాటలు తీసివేసి తమిళుల విషయంలో ఆది ద్రావిడ అని, తెలుగువారి విషయంలో ఆది ఆంధ్ర అని రాయాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక షెడ్యూల్డు కులాల జాబితాలోకి కూడా ఆ పేరు చేరింది. ఈ రోజుకీ మన రాష్ట్ర జాబితాలో ఇంగ్లీషు అక్షరక్రమంలో మొట్టమొదటి పేరు అదే.

తమ్ముడూ, నీ సర్టిఫికెట్ మీద ఉన్న మాట వెనుక ఇంత కథ ఉంది. అది ఎవరో మనకు తగిలించిన పేరు కాదు.

మతం గురించిన వెతుకులాట

భాగ్యరెడ్డి సంఘసంస్కర్త మాత్రమే అనుకుంటే సగమే తెలుసుకున్నట్టు. ఆయన జీవితమంతా ఇంకో ప్రశ్న వెంట నడిచారు. మన మొదటి మతం ఏది? కులం రాక ముందు మన పెద్దలు దేన్ని నమ్మారు?

మొదట్లో ఆయన బ్రహ్మసమాజంతోనూ, ఆర్యసమాజంతోనూ కలిసి పనిచేశారు. మంచి చెప్పిన ప్రతివారి దగ్గరా నేర్చుకున్నారు. కానీ ఎక్కడా పూర్తిగా నిలిచిపోలేదు. 1913లోనే హైదరాబాదులో బుద్ధ జయంతి జరిపించారు. 1921లో ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ స్థాపించి సంస్థానమంతటా సభలు పెట్టారు. ఇక్కడ హిందూ అన్న మాట చూసి పొరపాటు పడకూడదు. అది బయటివాళ్లు ఈ దేశవాసులకు పెట్టిన పేరే గాని మతం పేరు కాదని, ఆది హిందువులంటే ఈ దేశపు మొదటి నివాసులని ఆయన చెప్పేవారు. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం మనవాళ్లను ఆది హిందువులుగా నమోదు చేయడానికి అంగీకరించింది. పేరు కోసం ఆయన చేసిన పోరాటం ఆ విధంగా సర్కారు పుస్తకంలోకి ఎక్కింది.

ఈ వెతుకులాట ఆయన ఒక్కరిదే కాదు. తమిళ దేశంలో అయోతీదాస్ పండితర్ 1898లోనే శాక్య బౌద్ధ సంఘం స్థాపించి, మన పాత మతం బౌద్ధమేనని చాటారు. ఉత్తర భారతంలో స్వామి అఛూతానంద్ ఆది హిందూ ఉద్యమం నడిపారు. పంజాబులో 1926లో మంగూరాం ఆది ధర్మ ఉద్యమం మొదలుపెడితే, 1931 జనాభా లెక్కల్లో అక్కడ 4 లక్షల మందికి పైగా తమ మతం ఆది ధర్మమని రాయించుకున్నారు.

దేశం బయట కూడా ఇలాంటి కథ ఒకటి మాకు దొరికింది. ఉత్తరాన మంచు సముద్రం మధ్య ఐస్‌లాండ్ అనే చిన్న దేశం ఉంది. క్రీ.శ. 1000 ప్రాంతంలో అక్కడివాళ్లు తమ పాత దేవతలను వదిలి క్రైస్తవం తీసుకున్నారు. దాదాపు వెయ్యేళ్ల తర్వాత, 1972లో, స్వేన్‌బ్యోర్న్ బేన్‌టేన్‌సన్ అనే గొర్రెల రైతు, కవి, కొద్దిమంది మిత్రులతో కలిసి ఆ పాత మతానికి ఒక సంఘం పెట్టారు. 1973లో ప్రభుత్వం దాన్ని గుర్తించింది. 1993లో చనిపోయే వరకు ఆయనే దానికి పెద్ద. అక్కడా ఇక్కడా మనిషి అడిగింది ఒకటే: మా పెద్దల పేరు రికార్డులో రాయండి అని. తేడా ఒక్కటుంది. ఆ రైతును ఎవరూ బావి దగ్గరకు రానీయకుండా ఆపలేదు. మనవాళ్లకు పాత మతం వెతుక్కోవడమంటే పాత గౌరవం వెతుక్కోవడం.

మేము మొదటివాళ్లం అన్న మాటతో మిగతావాళ్లను ద్వేషించవచ్చు. చరిత్రలో అలా చేసినవాళ్లు ఉన్నారు. భాగ్యరెడ్డి ఆ మాటను అలా వాడలేదు. తెలిసిన బ్రాహ్మణ సంస్కర్తలతో, ముస్లిం పెద్దలతో కలిసి పనిచేస్తూనే, వంగకుండా నిలబడ్డారు.

పత్రిక, కలం

1930లో లక్నోలో జరిగిన అఖిల భారత సభకు భాగ్యరెడ్డి అధ్యక్షత వహించారు. లండన్‌లో జరగబోయే రౌండ్ టేబుల్ సమావేశంలో మన తరఫున మాట్లాడేందుకు అంబేద్కర్ గారికి ఆ సభ మద్దతు ప్రకటించింది. అప్పటికి అంబేద్కర్ గారి పేరు దేశంలో అందరికీ తెలియదు. తనకంటే చిన్నవాడైనా, యోగ్యుడైనవాణ్ణి ముందుకు పంపి తాను వెనక నిలబడడం నాయకులలో తక్కువగా కనిపించే గుణం.

1931లో ఆయన భాగ్యనగర్ అనే పత్రిక ప్రారంభించారు. తర్వాత అది ఆది హిందూ అన్న పేరుతో నడిచింది. ఆ పత్రికలోనే ఆయన వెట్టి మాదిగ అనే కథ రాశారు. కూలి లేని చాకిరీలో నలిగిపోయే మనిషి కథ అది. తెలుగులో దళితులు రాసిన తొలి కథలలో దానిని ఒకటిగా సాహిత్య పరిశోధకులు ఇప్పుడు గుర్తిస్తున్నారు. మాల కుటుంబంలో పుట్టిన రచయిత మాదిగ వాడి బాధను కథగా రాశారన్న సంగతి మిత్రులు గుర్తుంచుకోవాలి. దీని దగ్గరకు మళ్లీ వస్తాం.

ఆయన చివరి ఏళ్లలో బౌద్ధం వైపు పూర్తిగా మొగ్గారు. 1937లో హైదరాబాదులో మళ్లీ బుద్ధ జయంతి ఘనంగా జరిపించారు. కుమారుడికి గౌతమ్ అని పేరు పెట్టుకున్నారు. ఆ వెతుకులాట చివరికి ఎక్కడికి చేరిందో ఆ పేరే చెబుతుంది. 1939 ఫిబ్రవరి 18న, 50 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. అంబేద్కర్ గారు నాగపూరులో బౌద్ధం స్వీకరించింది 1956 అక్టోబరు 14న. అంతకు 17 ఏళ్ల ముందే మన తెలుగువాడు ఆ దారి గుమ్మం దాకా నడిచి వెళ్లిపోయారు.

మన కొండల మీద

విశాఖలో ఉన్న మనకు ఈ కథ ఇంకా దగ్గరది. భీమిలి బీచ్ రోడ్డులో పిక్నిక్కు వెళ్లినప్పుడు మనం ఎక్కే తొట్లకొండ బౌద్ధ భిక్షువులు నివసించిన చోటు. 1976లో నేవీ వాళ్లు సర్వే చేస్తుండగా అది బయటపడింది. పక్కనే బావికొండ. అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ. రాతిని తొలిచిన ఆ గుహలు, స్తూపాలు శతాబ్దాల నాటివి. బొజ్జన్న అన్న పేరులో బుద్ధుడే ఉన్నాడని పెద్దలు చెబుతారు. హైదరాబాదులో కూర్చుని భాగ్యరెడ్డి వెతికిన పాత దారి, మనం సెల్ఫీలు దిగే మెట్ల మీదుగానే పోయింది. ఈసారి వెళ్లినప్పుడు ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని చూడండి.

మిగిలిపోయిన పని

మహనీయుల గురించి రాసేటప్పుడు పొగడ్త మాత్రమే రాయడం అలవాటు. మేము ఒక లోటు కూడా చెప్పదలిచాం. ఆది అన్న ఒక్క పేరు కింద అందరినీ నిలబెట్టాలని భాగ్యరెడ్డి కోరుకున్నారు. కానీ ఆయన బతికి ఉండగానే ఉద్యమంలో చీలికలు వచ్చాయి. నాయకత్వమంతా మాలలదేనని, తమ మాట వినబడడం లేదని మాదిగ సోదరులు బాధపడ్డారు. వాళ్లు అరుంధతీయ అన్న పేరుతో వేరే సంఘాలు పెట్టుకున్నారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది. వెట్టి మాదిగ కథ రాసిన మనిషి కూడా ఆ దూరాన్ని పూర్తిగా చెరపలేకపోయారు.

ఇది పాత హైదరాబాదు కథ అని అనుకోవద్దు. మన హాస్టల్లో గదులు పంచుకునేటప్పుడు ఎవరు ఎవరితో ఉంటారో, మెస్‌లో వరసలు ఎలా కూర్చుంటాయో మనకు తెలుసు. ఎవరూ పైకి అనరు. కానీ మూడేళ్ల క్రితం మాలో ఒకరు ఆ కారణంగానే గది మారారు. ఆ రోజు మిగతావాళ్లం చూస్తూ ఊరుకున్నాం. ఈ వ్యాసం రాస్తుంటే ఆ సంగతే మాటిమాటికీ గుర్తొచ్చింది. అతనికి మేము ఇక్కడే క్షమాపణ చెప్పుకుంటున్నాం. ఈ ఏడాది గదుల కేటాయింపు చీటీలు వేసి చేయాలని సీనియర్లం అనుకున్నాం. జూనియర్లు ఒప్పుకోవాలని కోరుతున్నాం.

హైదరాబాదులో చాదర్‌ఘాట్ దగ్గర ఆది హిందూ భవన్ ఉంది. పోటీ పరీక్షలు రాయడానికి అటు వెళ్లే మిత్రులు ఒకసారి అక్కడికి వెళ్లి రండి. పాత విద్యార్థులకు మా విన్నపం ఒకటి. మన హాస్టల్ లైబ్రరీ బీరువాలో గైడ్లు, పాత క్వశ్చన్ పేపర్లు తప్ప భాగ్యరెడ్డి వర్మ మీద ఒక్క పుస్తకం లేదు. స్టీలు ప్లాంటులోనో, పోర్టులోనో, బడిలోనో పనిచేస్తున్న అన్నలు తలా ఒక్క పుస్తకం తెచ్చి ఇస్తే బీరువా నిండుతుంది. ఆయన బడులు కూడా అలాంటి చిన్న చందాలతోనే నిలబడ్డాయి.

ఆ ఏడో తరగతి తమ్ముడికి ఈ సంచిక మొదటి కాపీ ఇస్తున్నాం. వచ్చే జూన్‌లో ఎవరైనా కొత్త పిల్లవాడు అదే ప్రశ్న అడిగితే, జవాబు చెప్పాల్సింది వాడే.

జై భీమ్.